సగం ముద్ద

బంగాళాదుంపల బస్తాలు తూచే కొక్కెం కాటాకి ఆడపిల్లల్ని వేలాడదీసి తూచే బడి ఎక్కడైనా ఉంటుందా? ఈ గట్టు మీద ఉంది. ప్రతి సోమవారం పొద్దున్నే, లోయలోంచి మంచు ఇంకా పైకి లేవకముందే, కోచ్ కిబోవెన్ సామాన్ల కొట్టు ముందున్న దూలానికి ఆ కాటా తగిలిస్తాడు. పరుగు జట్టులోని ఏడుగురు పిల్లలూ బూట్లు, స్వెటర్లు విడిచి చలికి చంకల్లో చేతులు పెట్టుకుని వరసలో నిలబడతారు. ఒక్కొక్కరే వచ్చి కొక్కేనికి కట్టిన తాడుముక్కని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు మడిచి వేలాడాలి. ముల్లు ఊగడం ఆగేదాకా వేలాడుతూనే ఉండాలి. ఈ లోపల చెయ్యి జారితే మళ్ళీ మొదట్నుంచి.

ఆ సోమవారం వంటింటి గుమ్మంలో నిలబడి తబెల్గా చూస్తోంది. ఆమె ఆ బడికి వంటమనిషి, రాత్రిళ్ళు జట్టు పిల్లల గదికి కాపలామనిషి కూడా. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి కాబట్టి పిల్లలంతా కోగో అని పిలుస్తారు. నానమ్మనీ అమ్మమ్మనీ అక్కడ అలాగే పిలుస్తారు.

"జెమేలీ! కిలోంబావు పెరిగావు. బంగాళాదుంపలు మింగావా, పొలం పొలమే మింగేశావా?" అన్నాడు కిబోవెన్.

వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. జెమేలి తాడు వదిలి కిందికి దూకింది. పదహారు నిండిన పిల్ల, చూస్తే పన్నెండు కూడా ఉన్నాయనిపించదు.

"నీళ్ళు తాగాను సార్. అంతే."

"నీళ్ళకి బరువుండదా? మొన్న వరదకి కొట్టుకుపోయిన వంతెననడుగు." అతను జేబులోంచి కాగితం తీసి జెమేలి పేరు పక్కన ఎర్ర గీత గీశాడు. ఎర్ర గీతంటే ఆ వారమంతా రాత్రి పూట సగం ముద్ద.

తర్వాత జెబివోట్. గట్టు మీది బళ్ళన్నిటిలో మూడువేల మీటర్ల పరుగులో ఆ పిల్లని దాటినవాళ్ళు రెండేళ్ళుగా లేరు. వేలాడింది. ముల్లు ఆగింది.

"నలభై ఒకటి! చూడండే, చూసి నేర్చుకోండి. గాలి మోసుకుపోయే పిల్లంటే ఇది. శనివారం కౌంటీ పోటీల్లో దీని వీపు చూడ్డానికి కూడా ఎవరికీ టైముండదు."

జెబివోట్ నవ్వి తాడు వదిలింది. దిగడం మాత్రం ఎడమకాలి మీదే దిగింది. కుడికాలిని వేడి బూడిద మీద పెడుతున్నట్టు మెల్లిగా, మడమ ముందు ఆనించి, తర్వాత వేళ్ళు ఆనించింది. కిబోవెన్ ముల్లు చూస్తున్నాడు కాబట్టి కాలు చూడలేదు. తబెల్గా చూసింది. పొయ్యి మీద చాయ్ పొంగి నిప్పుల్లో పడేదాకా అక్కడే నిలబడింది.

కాగితం తెచ్చి కిబోవెన్ పొయ్యి పైన మేకుకి గుచ్చి వెళ్ళాడు. ఏడు పేర్లు, నాలుగు ఎర్ర గీతలు. ఆ రాత్రి తబెల్గా ఎప్పటిలాగే మొక్కజొన్న పిండి మరిగే నీళ్ళలో పోసి, చేతులు నొప్పెట్టేదాకా తెడ్డుతో తిప్పి, ఉగాలి గట్టిపడ్డాక పళ్ళెంలోకి బోర్లించింది. తడి దారంతో ముక్కలు కోసింది. నలుగురికి సగం ముద్ద, పిడికెడు ఆకుకూర. గీత లేని ముగ్గురికీ పూర్తి ముద్ద. ఆ ముగ్గురూ కూడా తమ ముద్దలో సగమే తుంచుకుని మిగతాది వెనక్కి నెట్టేశారు. వచ్చే సోమవారం వాళ్ళకీ ఉంటుంది కదా మరి. రెండేళ్ళుగా ఇదే తంతు, ఈ రెండేళ్ళూ దారం తబెల్గా చేతిలోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం జెబివోట్ వంటింట్లోకొచ్చి పొయ్యి పక్కన చతికిలబడింది. చలేస్తోందంది. ఎండ కాస్తోంది బయట.

"చలి కాళ్ళకొచ్చిందా?" అంది తబెల్గా చిక్కుళ్ళు ఏరుతూ.

"చలికి చోటేంటి కోగో, ఒళ్ళంతా వస్తుంది."

"ఏదీ, ఆ మేజోడు దించు."

"ఊరికే పట్టేసింది. రాస్తే పోతుంది."

తబెల్గా చాట కింద పెట్టి తనే మేజోడు దించింది. మోకాలి కింద, కత్తి అంచులా ఉండే ముందెముక మీద, పెద్దగా వాపేం లేదు. బొటనవేలితో పైనుంచి నొక్కుకుంటూ వచ్చింది. బెత్తెడు కిందికి రాగానే జెబివోట్ స్వెటరు చెయ్యి నోట్లో కుక్కుకుని కొరికింది. కళ్ళల్లో నీళ్ళు చటుక్కున నిండాయి.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"నాలుగు వారాలు." వెంటనే తబెల్గా మణికట్టు పట్టుకుంది. "కోగో, శనివారం దాకా. ఒక్క శనివారం దాకా చెప్పకు. గెలిస్తే జాతీయ క్యాంపు. తర్వాత విరిగితే విరగనీ. నీకు దణ్ణం పెడతాను."

"విరగనీ అంటుందే! పొయ్యిలోకి కట్టెనుకున్నావా?"

"నేనెప్పుడూ ఏడవనని సార్ నమ్మకం. ఏడ్చేవాళ్ళ పేరు ఆయన కొట్టేస్తాడు. చెప్పకు కోగో."

తబెల్గా గొర్రెకొవ్వు వెచ్చచేసి రాసింది. ఆ ఊళ్ళో ఏ నొప్పికైనా ముందు అదే. రాస్తున్నంతసేపూ పిల్ల కాలు తన గుప్పిట్లో ఎంత సన్నంగా ఉందో తెలుస్తూనే ఉంది. తెడ్డు కర్రే నయం.

బుధవారం పొద్దున పిండిమరకి మొక్కజొన్నలు మోయడానికి మనిషి కావాలని చెప్పి జెబివోట్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. మర పక్క సందులోనే సర్కారు డిస్పెన్సరీ. నర్సు సాలీనా తబెల్గా ఊరి మనిషే, నోరు మహా దురుసు. జెబివోట్‌నీ తబెల్గానీ లోపలికి తీసుకుని తలుపేసింది.

"ఎడమకాలి మీద గెంతు." గెంతింది. "ఇప్పుడు కుడికాలి మీద."

జెబివోట్ కుడికాలి మీద నిలబడింది. గెంతడానికి మోకాలు వంచింది. గోడ పట్టుకుని ఆగిపోయింది.

సాలీనా ఎముక నొక్కి చూసింది. కళ్ళ కింది రెప్పలు దించి చూసింది. చేతి మీద ఈకల్లా మొలిచిన నూగు చూసింది. "ఆఖరిసారి నెల ఎప్పుడొచ్చింది?"

జెబివోట్ నేల చూపులు చూసింది. "నాకు రాదు సిస్టర్. ఆగిపోయింది." ఆ మాటలో కాస్త గొప్ప కూడా ఉంది.

"ఎప్పుడాగింది?"

"పోయిన ఏడు మొక్కజొన్న కోతలప్పుడు. జట్టులో ఎవరికీ రాదు. జెరోనోకైతే రెండేళ్ళు."

సాలీనా తబెల్గా వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

తెలుసు. నెలనెలా సర్కారు పంపే ప్యాడ్లు పిల్లలకి పంచేది తనే. జట్టు పిల్లలు తమ పొట్లాలు అలాగే వెనక్కి ఇచ్చేస్తారు. అవన్నీ ఒక అట్టపెట్టెలో వేసి కొట్లో పెట్టింది. పెట్టె నిండి గట్టిపడింది కూడా, దాని మీద కూర్చునే దుంపలు చెక్కు తీస్తుంది. ఎవరికైనా నెల ఆగిందంటే ఆ గదిలో మిగతా పిల్లలు చప్పట్లు కొడతారు. నిజమైన పరుగుపిల్లవి అయ్యావంటారు. తబెల్గా కూడా ఒకసారి అంది ఆ మాట. ఉతికే బాధ తప్పింది, పోటీ రోజున భయం లేదు, ఇంకేం కావాలే మీకు అంది.

"తెలుసు," అంది తబెల్గా. "మంచిదే అనుకున్నాను."

"మంచిదా! పాలిచ్చే ఆవు పాలు ఆపేస్తే మంచిదే అనుకుంటావా నువ్వు? పశువుల డాక్టరు కోసం పరిగెత్తవూ?" సాలీనా గొంతు బయట బెంచీ దాకా వినబడి ఉంటుంది. "విను. పరుగు మంచిదే. పరిగెత్తే పిల్లకి, గెంతే పిల్లకి ఎముక గట్టిపడుతుంది, ఇంట్లో కూర్చున్న పిల్లకంటే ఎక్కువే గట్టిపడుతుంది. ఈ వయసులోనే ఎముక గాదె నిండేది. ఇరవై దాటాక నువ్వు పొయ్యాలన్నా పెద్దగా పట్టదు. కానీ పరిగెత్తించినంత తిండి పెట్టాలి. పెట్టకపోతే ఒళ్ళేం చేస్తుంది? ముందు నెల ఆపేస్తుంది. అది ఆగిందంటే గాదెలోకి పొయ్యడం ఆగిందని, ఉన్నది కూడా తవ్వుకు తింటోందని. విత్తనాలు తింటున్నారే మీరు! వండేది నీ చేతులేగా?"

తబెల్గాకి అవమానం కాదు, అంతకంటే కింద ఎక్కడో కోపం రాజుకుంది. ముందు సాలీనా మీద, తర్వాత తన చేతుల మీద.

గురువారం సాలీనా చీటీ పట్టుకుని తబెల్గా, జెబివోట్ మటాటు అనే అద్దె వ్యాన్‌లో కోళ్ళబుట్టల మధ్య కూర్చుని పట్నం వెళ్ళారు. ఎక్స్‌రే తీశారు. అక్కడి కుర్ర డాక్టరు ఫిల్ముని దీపం ముందు పెట్టి కలంతో చూపించాడు. ఎముక ముందు అంచున సన్నటి నల్లగీత. ఇంకో గట్టి పరుగుకి రెండు ముక్కలయ్యేదన్నాడు. ఎనిమిది వారాలు పరుగు మాట ఎత్తొద్దు, కడుపునిండా తిండి పెట్టండి, నెల వచ్చేదాకా చూపించుకుంటూ ఉండండి అని రాసి ముద్ర వేసిచ్చాడు. చంకకర్రలిచ్చాడు. తిరుగు దారిలో జెబివోట్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫిల్ము ఉన్న కవరుని మాత్రం ఒళ్ళో పట్టుకుంది, వదల్లేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలోంచి పిలుపొచ్చింది. తబెల్గా వెళ్ళేముందు కొట్లోకి వెళ్ళి, అట్టపెట్టెని భుజాల మీద కప్పుకునే లెసో గుడ్డలో మూట కట్టుకుని, నడుముకి ఆనించి మోసుకెళ్ళింది. మేడమ్ ప్రిస్కా బల్ల వెనక కూర్చుంది. వెనక అద్దాల బీరువా నిండా కప్పులు. అందులో సగానికి పైగా జెబివోట్ కాళ్ళు తెచ్చినవే. కిబోవెన్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"ఎవర్నడిగి ఎక్స్‌రే తీయించావు?" అన్నాడతను.

"కాలినడిగి."

"వేళాకోళం వద్దు. మేడమ్, ఆ ఫిల్ము మీదున్నది మచ్చ. శనివారం పరిగెత్తాక ఎన్ని వారాలైనా పడుకోనీండి. ఒక్క పదినిమిషాల పరుగు."

"పదినిమిషాల్లో విరిగేది పది నెలల్లో అతకదు," అంది తబెల్గా.

"ఎముకల సంగతి నాకు చెప్తావా? పధ్నాలుగేళ్ళప్పుడు ఖాళీ కడుపుతో రోజూ బడికి పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తినవాణ్ణి. నా ఎముకలేమైనా విరిగాయా? ఆ పిల్ల తండ్రీ నేనూ ఒకే ఈడుజట్టు. ఒకే ఏడు సున్తీ కత్తి కింద కూర్చుని మగాళ్ళమయ్యాం. నా ఈడుజట్టువాడి కూతురు నాకూ కూతురే. వాడు నా చేతుల్లో పెట్టాడు. తండ్రిగా చెప్తున్నా, అది పరిగెత్తుతుంది. మధ్యలో నువ్వెవరు, గరిటె పట్టుకునేదానివి?"

అతను చెప్పిన ఆచారం నిజమే. దాన్ని కాదనే మనిషి ఆ గట్టు మీద లేడు. తబెల్గా కూడా కాదనలేదు. మూట విప్పి అట్టపెట్టెని బల్ల మీద, చాయ్ ఫ్లాస్కు పక్కన పెట్టి మూత తీసింది. పొట్లాలన్నీ సీలు విప్పనివే, ఒత్తుకుని ఒత్తుకుని ఉన్నాయి.

ప్రిస్కా మొహం కందిపోయింది. "తబెల్గా! మగవాళ్ళ ముందు ఏంటిది?"

"రెండేళ్ళుగా వెనక్కొచ్చిన ప్యాడ్లు మేడమ్. ఏడుగురు పిల్లలవి. ఒక్కటీ వాడలేదు. జెబివోట్‌కి పదకొండు నెలలుగా..."

"ఆపు!" కిబోవెన్ లేచి నిలబడ్డాడు. "తండ్రి ముందు కూతురి గురించి అనే మాటలా ఇవి? సిగ్గు లేదూ?"

"తండ్రివైతే లేచి బయటికి పో. మన పద్ధతి అదే, తండ్రి వినకూడదు. తండ్రివి కాదు కోచ్‌వంటావా, కూర్చుని విను. కోచ్ వినాల్సిన మాటే ఇది. ఏదో ఒకటి తేల్చుకో."

కిబోవెన్ కూర్చోలేదు, పోలేదు. పెట్టె వైపు చూడకుండా ఉండడానికి కప్పుల బీరువా వైపు చూశాడు. రెండేళ్ళుగా ఆ పిల్లల్ని గ్రాముల లెక్కన తూచాడు. వాళ్ళ ఒంట్లో అన్నిటికన్నా ముందు ఏది ఆగిపోయిందో మాత్రం అతనికి తెలియాల్సిన పని లేకపోయింది. మగవాడు వినకూడదంటే ఎంత సుఖమో చూడండి! చివరికి టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గరికి కూడా వేయలేదు.

ప్రిస్కా డాక్టరిచ్చిన కాగితం తిప్పి చూసింది. "ఇక్కడ ఆస్పత్రి ముద్ర ఉంది. రేపు ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది." శనివారం పోటీల జాబితాలో జెబివోట్ పేరు కొట్టేసింది. కలం మూత పెట్టి, "ఇక నీ పని వంట, అంతవరకే ఉండు. టర్ము అయ్యాక నీ సంగతి మాట్లాడదాం. ఆ పెట్టె తీసెయ్ ముందు," అంది. మీరూ ఆడవాళ్ళే కదా మేడమ్ అనబోయి తబెల్గా మింగేసింది. అంటే ఏమొస్తుందో ఆమెకి తెలుసు.

గదికి వచ్చేసరికి కబురు ముందే చేరింది. జెబివోట్ మంచం మీద కూర్చుని ఉంది, చంకకర్రలు నేల మీద పడేసి ఉన్నాయి.

"నన్ను చంపేశావు కోగో."

"బతికించాను."

"ఎవరు అడిగారు నిన్ను బతికించమని? ఎనిమిది వారాలకి జాతీయ క్యాంపు ఎవరో ఒకరితో నిండిపోతుంది. తర్వాత నేనెవర్ని? దుంపలు తవ్వుకునేదాన్ని. రెండేళ్ళు సగం ముద్ద పెట్టినప్పుడు నా మీద జాలి రాలేదా? ఇప్పుడొచ్చిందా? సరిగ్గా శనివారానికి రెండ్రోజుల ముందు?"

తబెల్గా వంగి చంకకర్రలు తీసి మంచానికి ఆనించింది. పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుంది? గుమ్మం దగ్గర మిగతా ఆరుగురూ నిలబడి చూస్తున్నారు. ఆమె దారిలోకి రాగానే పక్కకి జరిగారు, ముట్టుకుంటే అంటుకునేదేదో వస్తున్నట్టు.

శుక్రవారం రాత్రి తబెల్గా పొయ్యి పైనున్న కాగితం పీకి నిప్పుల్లో వేసింది. ఏడు పూర్తి ముద్దలు కోసింది. చిక్కుళ్ళలో మాంసం ముక్కలు వేసింది. ఇంటి నుంచి తెచ్చిన సొరబుర్రలోని పుల్లటి పెరుగు కప్పుల్లో పోసింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఒక్కొక్కళ్ళూ తమ ముద్దని వేళ్ళతో సరిగ్గా రెండుగా విరిచి, సగం పళ్ళెం అంచుకి నెట్టేశారు. పెరుగు కప్పులు ముట్టలేదు. రేపు పోటీ అనే కాదు, ఆమె మీద కసే కాదు. ఆ వేళ్ళకి అలవాటైపోయింది. కోచ్ లేకపోయినా, కాగితం లేకపోయినా వాటంతట అవే విరుస్తున్నాయి. అది చూశాక తబెల్గాకి కిబోవెన్ మెడ పట్టుకోవాలనిపించింది. తన మెడ కూడా.

"తినండే! ఒక్కపూట తిని చావండే!" అని అరిచింది.

"సార్ చెప్పారు కోగో," అంది జెరోనో, జట్టులో అందరికంటే పెద్దది, తల ఎత్తకుండా. "నీ ముందు నొప్పి అనొద్దన్నారు. అంటే మా పేర్లూ కొట్టేయిస్తావట."

శనివారం చీకటితోనే లారీ ఆరుగురిని ఎక్కించుకుని పోయింది. జెబివోట్ పగలంతా వంటింటి గోడకి ఆనుకుని ఎండలో కూర్చుంది. తబెల్గా అడక్కుండానే చాట లాక్కుని, ఆమెకి వీపు పెట్టి చిక్కుళ్ళు ఏరింది. మధ్యాహ్నం మూడువేల మీటర్ల వేళకి చెయ్యి ఆగింది. చాలాసేపు చాటలోకే చూస్తూ కూర్చుని మళ్ళీ ఏరింది. లారీ సాయంత్రం తిరిగొచ్చింది. జెరోనోకి నాలుగో స్థానం. జెమేలి ఆఖరి చుట్టులో కళ్ళు తిరిగి పడిపోయింది. కప్పు ఒక్కటీ రాలేదు. జెరోనో లారీ దిగుతూ అంచు పట్టుకుని, ఎడమపాదం కింద పెట్టకుండా కాసేపు అలాగే ఉండిపోయింది.

"బూటు కరిచింది," అంది, ఎవరూ అడక్కుండానే.

"ఇదిగో, మన పరువు తీసిన మహాతల్లి!" అని కిబోవెన్ వంటింటి వైపు చెయ్యి చూపించి లారీ డ్రైవరుతో అన్నాడు, అందరికీ వినబడేట్టు. "బంగారం లాంటి పిల్లని కుంటిదాన్ని చేసి కూర్చోబెట్టింది."

"కుంటిదాన్ని చేసింది నువ్వు. నేను చూశానంతే!" అని తబెల్గా గరిటెతో సహా గడప దాటి వచ్చింది. అతను అప్పటికే అటు తిరిగి నడుస్తున్నాడు. పిల్లలు తలలు దించుకుని గదిలోకి పోయారు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ తబెల్గా పిల్లల గది కిటికీలోంచి చూసింది. పిల్లలందరూ కిటికీ అద్దం దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఏదో చూస్తున్నారు. మధ్యలో జెబివోట్ చెయ్యి పైకెత్తి ఉంది, ఆ చేతిలో నల్లటి ఫిల్ము. కలం పట్టుకున్న డాక్టరులాగే వేలితో చూపిస్తోంది. జెరోనో తన పాదం చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి వింటోంది. తబెల్గా నీడ పడగానే మాటలు ఆగిపోయాయి. నన్ను ఎలా పంపించాలా అని మాట్లాడుకుంటున్నారు కాబోలు అనుకుంది. పంపిస్తే పంపించనీ. టర్ము అయ్యాక ఎలాగూ పోయేదే.

సోమవారం తెల్లవారింది. కిబోవెన్ విజిల్ వినబడింది. తబెల్గా చాయ్‌లో పాలు పోస్తుంటే వంటింటి గుమ్మం చీకటైంది. ముందు జెబివోట్, చంకకర్రల మీద. వెనక ఆరుగురు, బూట్లు వేసుకుని, స్వెటర్లు విడవకుండా.

"తిట్టడానికొచ్చారా? తిట్టండి. చాయ్ తాగి మరీ తిట్టండి," అంది తబెల్గా.

"డిస్పెన్సరీ ఎన్నింటికి తీస్తారు?" అంది జెబివోట్.

"ఎందుకు? నీ కాలు నొప్పెక్కువైందా?"

"నాక్కాదు." జెబివోట్ పక్కకి జరిగింది. "జెరోనోకి పాదంలో. జెప్తనుయ్‌కి తుంటిలో, నిద్రపట్టట్లేదట. వీళ్ళిద్దరికీ నాలాగే ముందెముకలో. నిన్న ఒక్కొక్కళ్ళనీ గెంతించాను."

"ఎన్నాళ్ళ నుంచీ?"

పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి జెరోనో అంది, "నువ్వు ఎవరికో చెప్తావని భయం కోగో. ఇప్పుడేమో, నువ్వు కూడా చెప్పకపోతే ఇంకెవరు చెప్తారని."

జెబివోట్ మొహంలో కోపం పోలేదు. పోనవసరం లేదు కూడా. "నువ్వు నాకు పడ్డ బాకీ తీరలేదు కోగో," అంది గట్టిగా. "వీళ్ళని తీసుకెళ్ళు. నేనూ వస్తాను."

తబెల్గా పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్ళు చల్లి, లెసో కప్పుకుంది. విజిల్ రెండుసార్లు మోగింది, తర్వాత ఆగకుండా మోగింది. ఎనిమిదిమందీ కొట్టు ముందు నుంచే నడిచారు. జెబివోట్ కర్రల వేగమే అందరి వేగం.

"ఎక్కడికి? ఏయ్, వరసలోకి రండి! తబెల్గా, ఎక్కడికి తోలుకుపోతున్నావు వాళ్ళని?"

"వస్తావా? రా. దారిలో అన్నీ చెప్తాను, తండ్రికీ కోచ్‌కీ కలిపి," అంది తబెల్గా ఆగకుండా. కిబోవెన్ రాలేదు.

డిస్పెన్సరీ ముందు అప్పటికే జనం ఉన్నారు. చేతికి గుడ్డ చుట్టుకున్న ఒక రైతు, మోటారు సైకిలు కుర్రాళ్ళిద్దరు, ఉన్న ఒక్క బెంచీ మీద దగ్గుతూ ఒక ముసలాయన. తోలు టోపీ, చేతిలో పెద్దరికపు కర్ర. పంచాయితీల్లో ఆయన లేవకుండా ఎవరూ లేవరు. సాలీనా తాళం తీస్తూ వెనక్కి తిరిగి చూసి ఆగిపోయింది.

"ఇంతమందా? ఎవరికి నొప్పి?"

పిల్లలు మగవాళ్ళని చూసి బిగుసుకుపోయారు. జెరోనో తబెల్గా వెనక్కి జరిగింది. తబెల్గా తనే చెబుదామని గొంతు సవరించుకుంటుంటే జెమేలి ఆమె మోచేతి కింద నుంచి దూరి ముందుకొచ్చింది. పొట్టి పిల్ల కాబట్టి మెడ ఎత్తి, తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా అంది.

"నాకు నొప్పేం లేదు సిస్టర్. నాకు పదహారు నిండాయి. నాకింకా ఒక్కసారి కూడా నెల రాలేదు. అది చెబుదామని వచ్చాను."

రైతు కొండవైపు చూశాడు. కుర్రాళ్ళు మోటారు సైకిలు అద్దంలో ఏదో వెతుక్కున్నారు. ముసలాయన దగ్గు ఆపుకుని, కర్ర మీద బరువు మోపి మెల్లిగా లేచాడు. ఆయన లేచి వెళ్ళిపోతే మిగతా మగాళ్ళూ వెళ్ళిపోతారు. రేపటికల్లా గట్టంతా పాకుతుంది, ఈ పిల్ల మళ్ళీ జన్మలో నోరు విప్పదు. తబెల్గా ఆయన వయసు, టోపీ, కర్ర ఏవీ లెక్కచేయదల్చుకోలేదు. నాలుక చివరికి వచ్చేసింది తిట్టు.

ముసలాయన కర్రతో బెంచీ చూపించాడు.

"కూర్చో తల్లీ. నిలబడి ఎంతసేపు చెప్తావు? నా దగ్గు ఎక్కడికీ పోదు, ముందు నువ్వెళ్ళు."

తిట్టడానికి తెరిచిన నోటిని తబెల్గా అలాగే మూసుకుంది.